గ్రామ్యం, విలన్, బేగరి: మూడు మాటల వెనక ఒకే కథ



పోయిన ఆదివారం కామారెడ్డిలో డిగ్రీ, పీజీ చదివే పిల్లలతో కూర్చున్నాం. మాట్లాడుకోవడం అయిపోయింది, అందరూ లేచిపోయారు. ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చిన ఒక చెల్లె మాత్రం ఆగింది. సంచిలోంచి లాంగ్ నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టింది. వాళ్ల నాయనమ్మ చెప్పిన ముచ్చట్లన్నీ రాసి పెట్టుకుంది. కరువులో ఊరిడిచి పోయిన ముచ్చట, దొర పొలంలో వంగి నాటేసిన ముచ్చట, పెండ్లిలో ఎవరి ఇంటి ముందు చెప్పులు చేతిలో పట్టుకున్నారో ఆ ముచ్చట. నలభై పేజీలు. మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ఎవరో రాశారు: "భాష గ్రామ్యం. తిరగరాయాలి."

"అన్నా, ఇంగ్లీషు నాకు ఎట్లాగూ రాదు. తెలుగన్న అస్తదనుకున్న. అది గూడ రాదంటున్నరు. ఇగ ఏ భాషల రాయాలె నేను?"

బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. నేను అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం భాగం ఆ చెల్లె కోసమే. మీలో చాలామంది సంచుల్లో కూడా అట్లాంటి నోట్‌బుక్కు ఉంటుందని నాకు తెలుసు కాబట్టి మీ కోసం కూడా.

ఇంగ్లీషు గురించే మొదలుపెడతాను. మనం దాన్ని పుట్టుకతోనే దొరల భాష అనుకుంటాం. కాదు. మూడు వందల ఏండ్ల పాటు ఇంగ్లీషు వాళ్ల సొంత గడ్డ మీదనే చాకిరీ చేసేవాళ్ల భాష.

పొలంలో ఒక మాట, పళ్లెంలో ఒక మాట

1066 అక్టోబరు 14. ఇంగ్లండులో హేస్టింగ్స్ అనే చోట యుద్ధం జరిగింది. ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి వచ్చిన విలియం గెలిచాడు, రాజయ్యాడు. ఇరవై ఏండ్లకు, 1086లో, దేశమంతా సర్వే చేయించి పెద్ద దస్త్రం రాయించాడు. దాని పేరు డూమ్స్‌డే బుక్. ఎవరి భూమి ఎంత, ఎన్ని నాగళ్లు, ఎంతమంది బానిసలు, అన్నీ అందులో ఉన్నాయి. లెక్కకెక్కిన జనంలో దాదాపు పదోవంతు బానిసలే. పెద్ద భూస్వాముల్లో ఇంగ్లీషువాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. భూమి పోయింది. భూమితో పాటు భాష కూడా కిందికి పోయింది.

రాజు కొలువులో ఫ్రెంచి. చర్చిలో, దస్త్రాల్లో లాటిన్. పొలంలో, కొట్టంలో, వంటింటి వెనక ఇంగ్లీషు. ఇప్పుడు మీ ఇంగ్లీషు డిక్షనరీ తెరవండి. బతికున్న ఆవు 'కౌ', పళ్లెంలోకి వస్తే 'బీఫ్'. గొర్రె 'షీప్', కూరైతే 'మటన్'. పంది 'పిగ్', వండితే 'పోర్క్'. దూడ 'కాఫ్', దాని మాంసం 'వీల్'. మేపేవాళ్ల మాటలు పాత ఇంగ్లీషువి. తినేవాళ్ల మాటలు ఫ్రెంచివి.

ఈ కథను లోకమంతా పాకించింది వాల్టర్ స్కాట్. 1819లో వచ్చిన 'ఐవన్‌హో' నవలలో ఒక పందుల కాపరి, ఒక విదూషకుడు ఇదే ముచ్చట పెట్టుకుంటారు. కథ చెప్పినంత సాపుగా చరిత్ర ఉండదని కూడా తెలుసుకోవాలి. చాలాకాలం ఈ మాటలు జంతువుకూ మాంసానికీ కలగలుపుగానే వాడారు. ఇప్పుడున్న గీత మెల్లమెల్లగా గట్టిపడింది. కానీ ఏ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందన్నది మాత్రం ఖాయం.

మన దగ్గర చూడండి. మా తాత లంద కాడ పనిచేసినోడు. లంద అంటే తోళ్లు నానబెట్టే గుంత. సున్నంలో ఎన్ని దినాలు, తంగేడు చెక్కలో ఎన్ని దినాలు, తోలు ఎప్పుడు మెత్తబడుతుంది, ఇదంతా ఆయన చేతికి తెలుసు. కుట్టే ఆరె, కోసే రంపె, మోట బొక్కెన, డప్పు మూత, ప్రతిదానికీ ఒక మాట ఉంది. ఈ రోజు తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మ మీద పూవు. మంచిదే. ఆ చెట్టు చెక్కతో ఊరందరికీ చెప్పులు, మోటకు బొక్కెన చేసి ఇచ్చిన మాదిగల మాట మాత్రం ఏ పాఠంలోనూ లేదు. తోలు శుద్ధి చేయడం కోర్సు అయితే దానికి ఇంగ్లీషు పేరు. మా తాత చేస్తే అది కంపు.

ఇంకో విచిత్రం చెప్తాను. మన వాడల్లో 'పెద్దకూర' అంటాం. పక్కింటికి వినబడకుండా గొంతు తగ్గించి అనే మాట అది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో మన విద్యార్థులు అదే కూరను బాహాటంగా వండుకుని తిన్నప్పుడు బీఫ్ ఫెస్టివల్ అని పేరు పెట్టారు. ఇంగ్లండులో దొర బల్ల మీది మాట, తొమ్మిది వందల ఏండ్లకు ఉస్మానియాలో దళిత పిల్లల నినాదమైంది. మాటకు పుట్టుకతో వచ్చిన కులం లేదు. ఎవరు పట్టుకుంటే వాళ్లది.

మాట ఎట్లా తిట్టయింది

సినిమాలో చెడ్డవాడిని విలన్ అంటాం. ఆ మాట ఎక్కడిది? మధ్యయుగాల ఇంగ్లండులో 'విలెన్' అంటే దొర భూమికి కట్టుబడి ఉన్న రైతు. లాటిన్‌లో 'విల్లా' అంటే పొలాల మధ్య ఉన్న గడీ లాంటిది. ఆ గడీ కింద బతికేవాడు విలెన్. వారంలో కొన్ని రోజులు దొర పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. బిడ్డ పెండ్లి చేయాలంటే దొరకు పైసలు కట్టాలి. ఇంటి పెద్ద చస్తే కొట్టంలో ఉన్న మంచి పశువును దొర తోలుకుపోతాడు. అన్నీ పోగొట్టుకున్నది అతను. చివరికి 'దుర్మార్గుడు' అనే అర్థం మిగిలింది కూడా అతని పేరుకే.

అది ఒక్కటే కాదు. 'చర్ల్' అంటే పాత ఇంగ్లీషులో మామూలు స్వతంత్ర రైతు. తర్వాత మర్యాద తెలియనివాడు అయ్యాడు. 'బూర్' అంటే సేద్యం చేసుకునేవాడు. తర్వాత మొరటోడు అయ్యాడు. 'నోబుల్', 'జెంటిల్' అనే మాటలు ముందు పుట్టుకను చెప్పేవి, తర్వాత మంచి గుణానికి పేర్లయ్యాయి. ఎవరు తిట్టుగా మారారు, ఎవరు గుణంగా మారారు, మీరే చూడండి.

ఇప్పుడు చెల్లె నోట్‌బుక్కు మీది ఎర్ర సిరా మాటకు రండి. గ్రామ్యం. అంటే గ్రామానికి చెందినది. అంతే. మన వ్యాకరణాలు దాన్ని కావ్యంలో రాకూడని తప్పు చేశాయి. విలన్‌కూ గ్రామ్యానికీ పుట్టుక ఒక్కటే: ఊరు. రెండింటికీ పట్టిన గతి కూడా ఒక్కటే.

గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) గ్రాంథికం మీద పోరాడారు. సవర భాషకు నిఘంటువు తయారు చేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆ ఉద్యమం తలుపు తీసింది శిష్ట వ్యావహారికానికి, అంటే చదువుకున్న పెద్దింటివాళ్లు మాట్లాడే తెలుగుకు. వాడ తెలుగు, తండా తెలుగు, నిజాం రాజ్యంలోని తెలుగు వాకిట్లోనే నిలబడ్డాయి. ఇంకా నిలబడే ఉన్నాయి. ఎర్ర సిరా రాసింది ఆ వాకిలి కాడి నుంచే.

మూడో మాట బేగరి. కామారెడ్డి, మెదక్, సంగారెడ్డి వైపు మన పిల్లల హాజరు పట్టీలో ఈ ఇంటిపేరు కనిపిస్తుంది. నీరడి అని కూడా ఉంటుంది. బేగార్ ఫారసీ నుంచి వచ్చిన మాట. కూలి ఇవ్వకుండా చేయించుకునే చాకిరీ అని అర్థం. మన మాటలో వెట్టి. నిజాం కాలంలో ఊరికి వచ్చిన ప్రతి అధికారి మూట మోసినవాడు, కబురు మోసినవాడు, గుర్రానికి గడ్డి తెచ్చినవాడు బేగరి. చెరువు తూము తీసి వంతు ప్రకారం మడి మడికీ నీళ్లు పారించినవాడు నీరడి. అది ఎంత లెక్క తెలిసిన విద్య! ఆ విద్యను చదువని ఎవరూ అనలేదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పేర్లు దోమకొండ సంస్థానం ఏలిన కామినేని వంశం వాళ్ల పేర్లని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ వంశంలోనే మల్లారెడ్డి అనే కవి ఉన్నాడు, 'షట్చక్రవర్తి చరిత్ర' రాశాడు. ఏలినవాళ్ల పేర్లు ఊళ్లకు అంటుకున్నాయి, పుస్తకాల మీద కూడా నిలిచాయి. చాకిరీ చేసినవాళ్లకు మిగిలింది చాకిరీ పేరు, అదీ ఇంటిపేరుగా. తమ్ముళ్లూ, కాలేజీలో మీ ఇంటిపేరు పిలిచినప్పుడు ఎవరైనా నవ్వితే తల దించుకోవద్దు. అది మీ తాత చేసిన పనికి రసీదు. కూలి ఇంకా బాకీ ఉంది.

కోర్టు ఏ భాషలో మాట్లాడుతుంది?

1362లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. కోర్టుల్లో వాదనలు ఫ్రెంచిలో జరుగుతున్నాయి, జనానికి అది అర్థం కావడం లేదు, తమ మీద ఏం కేసో, తమ తరఫున వకీలు ఏం చెప్తున్నాడో తెలియడం లేదు, కాబట్టి ఇక వాదనలు ఇంగ్లీషులో జరగాలి అని. తమాషా ఏమిటంటే ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో. రికార్డులు మాత్రం లాటిన్‌లోనే ఉంచారు. కోర్టు కాగితం పూర్తిగా ఇంగ్లీషులోకి రావడానికి 1731లో ఇంకో చట్టం కావలసి వచ్చింది, అది 1733లో అమలైంది. హేస్టింగ్స్ యుద్ధం నుంచి లెక్కేస్తే 667 ఏండ్లు.

ఈ మధ్యలో, 1381లో, రైతులు తిరగబడ్డారు. వాట్ టైలర్, జాన్ బాల్ అనే పాదిరి ముందు నడిచారు. దొరల గడీల మీద పడినప్పుడు వాళ్లు చాలాచోట్ల వెతికి వెతికి తగలబెట్టింది దస్త్రాలను. చదవరాని భాషలో తమ బానిసత్వం రాసి ఉన్న కాగితాలవి. తెలంగాణ సాయుధ పోరాటంలో మన జనం దొరల గడీల్లోంచి అప్పు పత్రాలు లాగి కాల్చింది ఎందుకో ఇప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. టైలర్‌ను చంపేశారు, బాల్‌ను ఉరి తీశారు. కానీ 1399లో గద్దెనెక్కిన నాలుగో హెన్రీ తనకు రాజ్యం ఎందుకు రావాలో ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. రాజు కూడా చివరికి చాకిరోళ్ల భాషలోకి దిగక తప్పలేదు.

మన వైపు 1884 దాకా నిజాం ప్రభుత్వ భాష ఫారసీ. ఆ తర్వాత ఉర్దూ. పట్టా, పహాణీ, జమాబందీ, తహసీలు, ముచ్చల్క, జామీను, జప్తు, ఫిర్యాదు: మన భూమి, మన జైలు ఉన్న మాటలన్నీ అక్కడివే. ఉర్దూ మీద నాకు కోపం లేదు. అది కామారెడ్డి బజారులో మన పేద ముస్లిం అన్నదమ్ముల ఇంటి మాట. సంగతి ఏమిటంటే, కాగితం ఏ భాషలో ఉన్నా అది మనకు రాని భాషే అయ్యేది. ఆ తర్వాత ఇంగ్లీషు వచ్చింది. తెలుగు రాజ్యం వచ్చినా జీవోల తెలుగు మన తెలుగు కాలేదు.

ఇక్కడ మన జిల్లా మనిషిగా చెప్పుకోవలసిన పేరు బొజ్జా తారకం. పుట్టింది 1939లో తూర్పు గోదావరి జిల్లా కందికుప్పలో. వకీలుగా పనిచేసి, జనంతో కలిసి నడిచింది నిజామాబాదులో. అప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆ జిల్లావే. కామారెడ్డి వేరే జిల్లా అయింది 2016 అక్టోబరులో కదా. నిజామాబాదులోనే ఆయన అంబేడ్కర్ యువజన సంఘం పెట్టారు, కూలీల భూమి కోసం నిలబడ్డారు, ఎమర్జెన్సీలో జైలుకు పోయారు. ఆ తర్వాత రాసిన ఒక చిన్న పుస్తకం పేరు 'పోలీసులు అరెస్టు చేస్తే'. పోలీసు ఇంటికొస్తే ఏం అడగాలి, అరెస్టు చేస్తే నీకేం హక్కులు ఉంటాయి, మామూలు తెలుగులో. ఇంగ్లండు పార్లమెంటు 1362లో చట్టం చేసి కూడా పూర్తిగా చేయలేకపోయిన పని, ఒక దళిత వకీలు చేతి సంచిలో పట్టే పుస్తకంతో చేశాడు. కవిత్వం రాశారు, నవల రాశారు, 1985లో కారంచేడు జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి దళిత మహాసభలో నిలిచారు. ఆయన సహచరి విజయభారతి గారు అంబేడ్కర్ జీవితాన్ని తెలుగులో రాశారు, పురాణాల్లో కులం ఎట్లా దాక్కుందో విప్పి చూపించారు. ఆ ఇంట్లో రాయడం అలంకారం కాదు, పని.

ఎవరూ అచ్చు వేయకపోతే?

"రాసినా ఎవరు ఏస్తరన్నా?" అని మీరడిగే ప్రశ్న నాకు కొత్తది కాదు. దానికి కూడా చరిత్రలో జవాబుంది.

1789లో లండన్‌లో ఒక ఆత్మకథ వచ్చింది. రాసింది ఒలాడా ఈక్వియానో. బానిసగా అమ్ముడై, సముద్రాల మీద చాకిరీ చేసి, చిన్న చిన్న సరుకులు అమ్మి పైసా పైసా కూడబెట్టి, 1766లో తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న మనిషి. పుస్తకానికి ముందే చందాదారులను చేర్చుకున్నాడు, వాళ్ల పైసలతో అచ్చు వేయించాడు. హక్కులు ఎవరికీ అమ్మలేదు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు ఊరూరా తిరిగి తానే అమ్ముకున్నాడు. 1797లో చనిపోయేలోపు తొమ్మిది కూర్పులు వచ్చాయి. పుస్తకం పేరులోనే ఒక మాట పెట్టాడు: స్వయంగా తానే రాసినది అని. ఎందుకంటే నల్లవాడు ఇంత బాగా రాయలేడు, వెనక ఎవరో ఉన్నారు అనేవాళ్లుంటారని అతనికి తెలుసు. "నిజంగా నువ్వే రాసినావా?" అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే ఈక్వియానోను గుర్తు చేసుకోండి. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది. ఆ పోరాటంలో అతని పుస్తకం ఒక సాక్షి.

మన బాబాసాహెబ్ ఏం చేశారు? 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు అధ్యక్షోపన్యాసానికి పిలిచారు. ఉపన్యాసం ముందుగా చదివి భయపడి సభనే రద్దు చేశారు. ఒక్క మాట కూడా మార్చనన్న అంబేడ్కర్ దాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు వేయించారు. అదే 'కుల నిర్మూలన'. రెండు నెలల్లో అయిపోయాయి. 1937 కూర్పు ముందుమాటలో ఏయే భాషల్లోకి వస్తున్నదో ఆయనే చెప్పారు: గుజరాతీ, తమిళం, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళం. తెలుగు లేదు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది.

1956 సెప్టెంబరులో, ఆరోగ్యం పూర్తిగా పాడైన రోజుల్లో, ఆయన నెహ్రూకు ఉత్తరం రాశారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' అచ్చుకు ఖర్చు ఎక్కువవుతోంది, ప్రభుత్వం ఓ 500 ప్రతులు కొంటే బాగుంటుందని. ఆ సాయం అందలేదు. డిసెంబరు 6న వెళ్లిపోయారు. పుస్తకం 1957లో వచ్చింది. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడైన మనిషి కూడా సొంత పుస్తకం అచ్చుకు పైసలు వెతుక్కున్నాడు. కాబట్టి పబ్లిషర్ దొరకకపోవడం మన రాతలో లోపం కాదు. మనకంటే ముందు హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, మన పిల్లలకు బడులు తెరిచి, 1931లో 'భాగ్యనగర్' పత్రిక నడిపింది కూడా ఎవరో చోటిస్తారని ఎదురుచూసి కాదు.

చెల్లెకు జవాబు

ఇంగ్లీషు నేర్చుకో. ఖచ్చితంగా నేర్చుకో. అది లేకపోతే ఇంకో తలుపు మూస్తారు. కానీ అది పైనుంచి ఊడిపడ్డ భాష కాదు. పందులు మేపినవాళ్లు, విలెన్లు, దస్త్రాలు కాల్చినవాళ్లు మోసుకొచ్చిన భాష. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడే అవసరం నీకు లేదు.

మన జిల్లా సంగతి కూడా చూడు. గాంధారి వైపు తండాల్లో లంబాడీ. జుక్కల్, బిచ్కుంద వైపు తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ ఒకే సంతలో కలుస్తాయి. 1956 దాకా ఆ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి కదా. తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల ఇంటి భాషకు సొంత లిపి కూడా లేదు. ఇన్ని మాటల మధ్య పుట్టినదానివి నువ్వు. నీకు భాష రాదని ఎవరంటారు?

నాయనమ్మ మాట మార్చకు. ఆమె 'అస్తది' అంటే అస్తదనే రాయి. ఎర్ర సిరా రాసినవాళ్ల మీద పగ కూడా వద్దు, వాళ్లకు వాళ్ల బడి నేర్పిందే వాళ్లు రాశారు. ఈ వ్యాసం కూడా చూడు, సగానికి పైగా పుస్తకాల తెలుగే. నాక్కూడా ఆ ఎర్ర సిరా భయం ఇంకా పోలేదు. నువ్వు ఆ భయం లేకుండా మొదలుపెట్టు.

మీ అందరికీ ఒక పని చెప్తున్నాను. వచ్చే భాగంలోపు మీ ఇంట్లో పెద్ద మనిషి దగ్గర కూర్చుని ఒక పనికి సంబంధించిన పది మాటలు రాయండి. లంద కావచ్చు, డప్పు కావచ్చు, నాటు కావచ్చు, తూము కావచ్చు. మాట, దాని అర్థం, చెప్పినవాళ్ల ఊరు, రాసిన తేదీ. నలుగురు కలిసి తలా కొంత వేసుకుంటే ఒక డీటీపీ, వంద ప్రతులు పెద్ద ఖర్చేం కాదు. మొదటి పేజీ మీద ఈక్వియానో పెట్టుకున్న మాట మనం కూడా పెట్టుకుందాం: స్వయంగా మేమే రాసుకున్నది అని.

చెల్లె, నోట్‌బుక్కు నా దగ్గర భద్రంగా ఉంది. వచ్చే ఆదివారం ఎల్లారెడ్డికే తీసుకొస్తాను. తిరగరాయాల్సిన అవసరం లేదు. మిగతా పేజీలు నింపాలి.

జై భీమ్.